వాకిటి మర్యాద

ఇంటికి వచ్చిన యతిథికి కాళ్లు కడుగుకొనుటకు నీళ్లిచ్చుట మన దేశమున ననాదిగా వచ్చుచున్న యాచారము. ఆ నీళ్లు అతిథికి గౌరవము, ఇంటికి శుభ్రత. బాటలోని దుమ్ము లోపలికి రాకుండుటకై మన పెద్దలు వాకిట చెంబు నుంచిరే గాని, వచ్చినవానిని చిన్నబుచ్చుటకై యుంచలేదు. కాళ్లు కడుగుకొనుమన్నందుకు కోపగించి వెనుదిరిగిన చుట్టమును మన మెన్నడైనను మెచ్చుకొంటిమా?

ఇటీవల మారిషసు ద్వీపమునకు విహారార్థము పోయివచ్చిన పట్టణవాసులు కొందఱు చెప్పుకొనుచున్న మాటలు మా చెవిని బడినవి. తిరుగు ప్రయాణపు టిక్కెట్టు చూపుమనిరట. బస యెక్కడ, సొమ్మెంత యని యడిగిరట. సంచులు విప్పించి విత్తనముల పొట్లములు తీసివైచిరట. అంతటితో నూరకుండక, ఆరోగ్యశాఖ యుద్యోగి బసకు వచ్చి వ్రేలు గ్రుచ్చి రక్తపుబొట్టు కొనిపోయెనట! "మనవాండ్ర చెమటతో పెరిగిన దీవి, మన పెద్దజిల్లా యొకదానిలో నాలుగవవంతు లేదు, అట్టిది మనలను నిలదీయుటయా?" అని వారి యాక్షేపణ. ఈ యాక్షేపణయందు స్వాభిమానము కొంత కలదు. స్వాభిమానమును మే మెన్నడును తక్కువచేసి మాటలాడలేదు. కాని స్వాభిమాన మెచ్చట నిలువవలెనో యచ్చట నిలువక, తప్పుచోట తల యెత్తినచో అది యహంకార మగును. కావున నీవిషయమును గూర్చి నాలుగు మాటలు వ్రాయుట మా విధియని తలంచితిమి.

మొదట నియమము లెట్టివో చూతము. భారతీయుడు విహారమునకు మారిషసు పోవుటకు ముందుగా వీసా కొఱకు పైరవీలు చేయవలసిన పనిలేదు. పాసుపోర్టు చెల్లుబడిలో నుండవలెను. తిరుగుటిక్కెట్టు, బస యేర్పాటు, ఖర్చులకు తగిన సొమ్ము గలవని చూపవలెను. ప్రయాణమునకు ముందు అంతర్జాలమున నొక పత్రము పూరించి, తన రాకపోకలను, ఆరోగ్యస్థితిని తెలుపవలెను. ఎన్ని దినములు నిలువవచ్చునో వాకిటి యధికారి పాసుపోర్టుపై ముద్రవేసి యిచ్చును. విహారి పేర పోయినవాడు అచ్చట కూలినాలి గాని యుద్యోగము గాని చేయరాదు. సుంకపు నియమము లింతకంటె కఠినము లేమియు గావు. పెద్దవయసువాడు పొగాకు 250 గ్రాములు, ఘాటైన మద్య మొక లీటరు, ద్రాక్షసారాయము గాని బీరు గాని రెండు లీటర్లు సుంకము లేకుండ గొనిపోవచ్చును. ఈ వస్తువులను బొత్తిగా గొనిపోకుండుట మఱియు మంచిదని మా యభిప్రాయము. అయిదు లక్షల మారిషసు రూపాయలకు మించిన నగదు చేతనున్నచో చెప్పితీరవలెను. మొక్కలకును, విత్తనములకును ముందుగా ననుమతిపత్రము కావలెను. చెఱకుముక్క, మన్ను ఈ రెండును వాకిలి దాటరాదు. మాదకద్రవ్యముల విషయమున శిక్షలు మిక్కిలి తీవ్రములు; సిగరెట్లు చుట్టుకొను పలుచని కాగితములు సైతము నిషిద్ధములు. నిద్రమాత్రలు మొదలగు మందులు వాడువారు వైద్యుని చీటీ వెంట నుంచుకొని, అనుమతి యవసరమేమో ముందుగనే విచారించుకొనవలెను. పచ్చజ్వరము గల దేశములనుండి వచ్చువారు టీకా వేయించుకొన్నట్లు ధ్రువపత్రము చూపవలెను. మన దేశమునుండి నేరుగా పోవువారికి ఆ బాధ లేదు.

ఇందలి యవమాన మెద్దియో మాకు గానరాదు. ఐనను మనవారి మనస్సున నున్న ముల్లు ఈనాటిది గాదు. వాకిలి యనగానే జడియుటకు మన జాతికి కారణము కలదు. ఆ చరిత్రను మఱచి తీర్పుచెప్పుట న్యాయము గాదు.

1834వ సంవత్సరము నవంబరు 2వ తేదీని అట్లాసు అను నోడనుండి 36 మంది భారతీయులు ఒడంబడిక కూలీలుగా పోర్టులూయీ రేవున దిగిరి. బానిసల విడుదల జరుగుచున్న కాలమది. చెఱకుతోటల దొరలకు చౌకచేతులు కావలసివచ్చెను. అది మొదలు 1910 వఱకు నాలుగున్నర లక్షలకు పైబడిన భారతీయులు ఆ రేవున నడుగుపెట్టిరి. రేవునుండి శాలలోనికి పోవుటకు 16 మెట్లు గలవు. ఆ మెట్లెక్కిన ప్రతివానికిని ఒక సంఖ్య; ఆ సంఖ్యయే వాని పేరు. 1867నాటి శాసనముచే, ఒడంబడిక తీరిన పాతకాపు సైతము తన ఛాయాచిత్రము గల చీటీ వెంట లేక వీథిలో కనబడినచో తిరుగుబోతని పట్టి చెఱలో బెట్టిరి. ఈ దుర్మార్గమును సహింపలేక అడాల్ఫు డి ప్లెవిట్జు అను తెల్లవాడు 1871లో పాతకూలీల చేవ్రాళ్లతో నొక మహజరు సమర్పించుటయు, దానిపై మఱుసటియేట రాజవిచారణసంఘము వచ్చుటయు చరిత్రప్రసిద్ధములు.

ఆరోగ్యము పేరిట జరిగిన ఘోరము మఱొకటి. 1856 ఆరంభమున కలకత్తానుండి వచ్చిన రెండోడలలో కలరా కనబడెనని, అందలి కూలీలను రేవున దిగనీయక గాబ్రియేలు అను చిన్న లంకపై దింపిరి. తగిన నీడ లేదు, తాగుటకు చాలినంత నీరు లేదు, వైద్యమునకు తగినంతమంది లేరు. రెండువందలకు మించిన ప్రాణము లచ్చట పోయినవి. దీవిని రక్షించుకొనుటకు రోగిని వేఱుచేయుట తప్పుగాదు. వేఱుచేసిన రోగిని మనుష్యుడుగా జూడకుండుట తప్పు. ఆ తప్పునకై భారతప్రభుత్వమే మారిషసునకు కూలీల నంపుట కొంతకాల మాపవలసివచ్చినది.

ఇంకొక యుదాహరణము. 1896 డిసెంబరులో గాంధిమహాత్ముడు భార్యాపుత్రులతో దర్బను రేవు చేరగా, బొంబాయిలో మారి యున్నదను నెపమున ఓడలను నిలిపివైచిరి. అయిదు దినముల గడువు పెరిగి పెరిగి ఇరువదిమూడు దినము లాయెను. ఓడలో రోగి యొక్కడు లేడు. తెల్లవారికి జడుపు రోగమువలన గాదు, భారతీయుడు తమ దేశమున నిలుచునేమో యనియే. 1897 జనవరిలో నాయన దిగినదినమున వీథిలో జరిగిన దౌర్జన్య మందఱెఱిగినదే. ఆరోగ్యశాస్త్రమును రాజకీయపు కత్తిగా జేసికొన్నచో నెట్లుండునో యీ వృత్తాంతము చాటుచున్నది.

కావున వాకిటి నియమములను పరీక్షించుటకు మూడు ప్రశ్నలు చాలును. ఆ నియమము అందఱికిని సమానమా, లేక రంగునుబట్టి, జాతినిబట్టి మాఱునా? అది నిజమైన ప్రమాదమునుండి కాపాడునదియా, లేక నెపమా? దానిని నడపువాడు ఎదుటివానిని మనుష్యుడుగా జూచునా? 1856నాటి లంకయు, 1897నాటి దర్బను రేవును ఈ పరీక్షలో నోడిపోయినవి. నేటి మారిషసు వాకిలి యెట్లున్నదో చూతము.

ఆ వాకిట నేడు కూర్చున్నవా డెవ్వడు? 16 మెట్లెక్కిన కూలివాని మనుమడు. 1968 మార్చి 12వ తేదీని మారిషసు స్వతంత్రమైనది. దండియాత్ర మొదలైన తేదీ యదియే యని యెఱింగియే వా రా దినము నెన్నుకొనిరి. మొదటి ప్రధానమంత్రి శివసాగర రామ్‌గులాం బీహారునుండి పోయిన కూలివాని కుమారుడు, వృత్తిచే వైద్యుడు. కూలీలు దిగిన ఆ రేవుశాల ఆప్రవాసి ఘాట్ అను పేర 2006లో ప్రపంచవారసత్వ స్థలముల పట్టికలో జేరినది. ఒకనాడు చీటీ చూపలేక చెఱకు బోయినవాని సంతతివాడు నేడు మన పాసుపోర్టు నడుగుచున్నాడు. ఇది మనకు కోపకారణమా, సంతోషకారణమా? తన యింటి తలుపు తానే తీసి తానే వేయగలుగుట కంటె స్వరాజ్యమునకు వేఱు గుఱుతు గలదా? అట్టి స్వరాజ్యము కొఱకు పోరాడిన మనము, చిన్నజాతి యొకటి దాని ననుభవించుచుండగా కనుబొమలు ముడుచుట తగునా?

"మనము చుట్టములము గదా" యందురు. చుట్టములమే, కాదనువా రెవ్వరు? కోరంగితీరమునుండి పోయిన తెలుగువారిని ఆ దీవిలో కోరంగీలనిరి. నేడును ఉగాది యచ్చట దేశమంతకును సెలవుదినము. మన దేశముననే అన్ని రాష్ట్రములలో లేని గౌరవ మది! ఐనను చుట్టఱికము వాకిటి నీళ్లను మానిపింపదు; రోగము చుట్టఱికమును లెక్కింపదు. పరాయివా డొకసారి వచ్చి పోవును. చుట్టము పలుమారు వచ్చును, నట్టింట కూర్చుండును, పిల్లల నెత్తుకొనును. శుభ్రత విషయమున జాగ్రత్త చుట్టమునకే యెక్కువ కావలెను.

ఇక రక్తపుబొట్టు సంగతి. ఈ కథలో మన తెలుగునేలకు పాలున్నది. 1897 ఆగస్టు 20వ తేదీని సికిందరాబాదులో రోనాల్డు రాస్ అను సైన్యవైద్యుడు దోమకడుపులో చలిజ్వరపు క్రిమిని కనుగొనెను. పది సంవత్సరములకు, 1907లో, ఆయననే మారిషసువారు పిలిపించుకొని తమ దీవిలోని చలిజ్వరమును నిర్మూలించు మార్గ మడిగిరి. ఏల? 1866 మొదలు రెండుమూడు సంవత్సరములలో ఆ జ్వరము పదులవేల జనులను పొట్టబెట్టుకొన్నది. అంతకుముందు ఆ దీవిలో ఆ రోగము లేదు, ఓడలవెంట వచ్చినది. మడుగులు పూడ్చుమని, కాలువలు బాగుచేయుమని రాస్ చెప్పిపోయెను. 1949 మొదలు దోమలమందు చల్లుట సాగెను. 1973లో ప్రపంచారోగ్యసంస్థ మారిషసును చలిజ్వరము లేని దేశముగా ప్రకటించెను. కాని రెండేండ్లు గడవకమునుపే, 1975లో జెర్వేజు అను తుపాను దీవిని ధ్వంసము చేయగా, బయటనుండి వచ్చినవారివెంట రోగబీజము మరల వచ్చి, అనుకూలమైన నీటిగుంటలలో దోమలు పెరిగి, జ్వరము తిరిగి తల యెత్తెను. దానిని మరల నణచుటకు ఇరువది సంవత్సరములకు పైగా పట్టెను.

ఇట్టి యనుభవము గలవారు చలిజ్వరము గల దేశములనుండి వచ్చిన ప్రతి ప్రయాణికుని విలాసము వ్రాసికొని, బసకు బోయి విచారించి, రక్తము పరీక్షించుటలో తప్పేమి? ఈ పరీక్ష భారతీయునికే గాదు. ఆఫ్రికానుండి వచ్చువానికిని, తమ దేశపువాడే యట్టి దేశము తిరిగివచ్చినచో వానికిని గలదు. రోగము కనబడినచో మందిత్తురు, లంకపై దింపరు. మా మూడు ప్రశ్నలకును ఇచ్చట మంచి సమాధానమే లభించుచున్నది.

ఈ సందర్భమున సిగ్గుపడవలసినది మనము. దోమ రహస్యము బయల్పడినది సికిందరాబాదులో. దానిని విని బాగుపడినది సముద్రము నడుమనున్న దీవి. రహస్యము పుట్టినయింట నూటయిరువదియైదు సంవత్సరములు దాటినను ఆ జ్వరము పూర్తిగా పోలేదు. మన్నెపు పల్లెలలో నేటికిని బిడ్డలు వణకుచున్నారు. 2030 నాటికి నిర్మూలింతుమని మన ప్రభుత్వము సంకల్పించినది, సంకల్పము నెఱవేఱునుగాక! అంతవఱకు పరదేశపు వాకిట మన వ్రేలు గ్రుచ్చబడుచునే యుండును. ఆ సూది బాధ తొలగింపవలెనన్నచో పోర్టులూయీలో తగవులాడి ప్రయోజనము లేదు. మన పురపాలకసంఘముల కాలువలను శుభ్రము చేయవలెను.

చికున్‌గున్యా కథయు నిట్టిదే. 2005-06లో నా జ్వరము హిందూమహాసముద్రపు దీవులను ముంచెత్తినది. ఆ కాలముననే మన తెలుగుజిల్లాలలో ఊళ్లకు ఊళ్లు కీళ్లు పట్టుకొని మంచమెక్కుట చదువరులలో ననేకులకు జ్ఞాపకముండును. దోమకు పాసుపోర్టు లేదు. విమానము ఆఱేడు గంటలలో రెండు దేశములను గలుపుచుండగా, ఒక దేశపు మురుగుగుంట మఱొక దేశపు జ్వరమగుట కెంతోసేపు పట్టదు.

విత్తనములు, మొక్కలు, మన్ను వీనిని నిషేధించుటను గూర్చియు కొందఱు నవ్వుచున్నారు. కరివేపమొక్క యొక్కటి చుట్టాలకు గొనిపోయినంత మాత్రమున దీవి మునుగునా యందురు. దీవికి ప్రకృతియే కోట. ఆ కోట లోపలి జీవులు శత్రువు నెఱుగవు. డోడో యను పక్షి ఆ దీవిలోనిదే. దానికి రెక్కలతో పనిలేకుండెను. దాని గ్రుడ్లు నేలమీదనే. డచ్చివారి యోడలతో ఎలుకలు, పందులు, కోతులు దిగినవి. పదునేడవ శతాబ్ది ముగియకమునుపే డోడో జాతి నశించినది. నేడు బొమ్మలలోను, ఎముకలలోను మాత్రమే కలదు. చెఱకు నమ్ముకొని నిలిచిన యా దేశమునకు పరదేశపు చెఱకుముక్కలో దాగివచ్చు పురుగు ఎంత నష్టము చేయునో మన గోదావరిమండలపు రైతుకు వేఱుగ జెప్పనక్కఱలేదు. 2016లో గాలికుంటురోగము రోడ్రిగ్సు, మారిషసు దీవులలో బ్రవేశించి పశువులను చంపించినది. పొరుగు రాష్ట్రములు లేవు, వేఱొక పొలము లేదు. ఒకమా రంటుకొన్నచో దీవి యంతయు నొకే గాదె. అట్టివారు వాకిట సంచి విప్పింపక యేమి చేయుదురు?

ఐనను వారి నియమములన్నియు నిర్దోషములని మేము వ్రాయుట లేదు. సొమ్ము చూపుమను నియమము మాకంత రుచింపదు. ధనవంతుడైన విహారికి అది యొక ముక్త్యక్షరపు కాగితము. తాతల యూరు వెదకుకొనుచు, దూరపుబంధువు నింట నాలుగునాళ్లుండ వచ్చిన పేదవానికి అది తలవంపు. ఆహ్వానించిన బంధువు పూచీపడినచో దానితో తృప్తిపడుట యుచితము. వాకిటి యధికారి అనుమానముతో గాక మర్యాదతో ప్రశ్నింపవలెను. పేదఱికము నేరము గాదని, చీటీ లేని పేదవానిని చెఱబట్టిన యా దేశపు చరిత్రయే వారికి జ్ఞాపకము చేయవలెను. నియమములను మన భాషలలోను ప్రకటించుటకు తెలుగువారున్న యా దీవికి కష్టము గాదు.

అంతకు మించిన యపాయము మనవైపున నున్నది. విహారి వలె పొమ్ము, పని తరువాత చూపింతుమని యాశపెట్టి, పొలమమ్మించి, సొమ్ము గుంజి, పడుచువారిని విమానమెక్కించు దళారులు మన పట్టణములలో లేకపోలేదు. పనికి పోవువాని నియమములు వేఱు: పని యనుమతిపత్రము ముందుగా రావలెను, వైద్యపరీక్షలు జరుగవలెను, ఒడంబడిక చదివి చేవ్రాలు చేయవలెను. వీనిని తప్పించెదనని చెప్పినవాడు మిత్రుడు గాడు. నూటతొంబదియేండ్లనాడు తీయని మాటలతో కూలీలను ఓడ లెక్కించిన వాని వారసుడు. నియమము తెలిసియున్నవాడు దళారికి చిక్కడు. కావున మన పఠనమందిరముల కార్యదర్శులు పరదేశప్రయాణ నియమములను తెలుగున వ్రాయించి గోడలకంటించుట దేశసేవయే. ప్రభుత్వముచే ననుమతి పొందిన సంస్థల పట్టిక జిల్లాకేంద్రములందెల్ల లభించునట్లు చేయుట మన ప్రభుత్వముల విధి.

కడపట నొకమాట. మన దేశపు వాకిలి సంగతియు తలంచుకొందము. పచ్చజ్వరపు టీకా పత్రము లేక ఆ రోగమున్న దేశమునుండి వచ్చినవానిని మన ప్రభుత్వమును ఆఱు దినముల వఱకు వేఱుగ నుంచును. నూటనలుబది కోట్ల జనులుగల మహాదేశమునకు తన ప్రజల నారోగ్యము విషయమై భయము తగునన్నచో, పన్నెండు లక్షలు దాటిన జనముగల చిన్నదీవికి తగదా? మనము చేసిన నియమమును పరులు పాటింపవలెనని కోరి, పరుల నియమమును మనము మీఱుట ధర్మము గాదు.

ఒకప్పుడు భారతీయుడు ఆ రేవున తలవంచుకొని మెట్లెక్కెను; అది వాని తప్పు గాదు. నేడు భారతీయుడు స్వతంత్రదేశపు పౌరుడై, స్వతంత్రదేశమునకు అతిథిగా పోవుచున్నాడు. సంచిలో దాపఱికము లేక, నోట నసత్యము లేక, అడిగిన కాగితము చూపి, వ్రేలు చాచి, నమస్కరించి లోనికి పోవువాడే తన దేశమునకు గౌరవము దెచ్చువాడు. వాకిట మర్యాద తప్పినవానికి నట్టింట పీట దొరకదు. మన ప్రయాణికు లీమాట మఱవకుందురుగాక యని కోరుచున్నాము.